తేలికపాటి వినియోగార్థం ఒక మడతచాకు

మజ్జి గురునాయుడి బొటనవేలు తెగిన రోజున ప్రాంతీయ విత్తన పరిశీలనాలయంలో కారిన రక్తం, గట్టిగా లెక్కేస్తే ఒకటిన్నర చుక్క. చుక్కను నాయుడు నోట్లో పెట్టుకుని చప్పరించేసి మళ్లీ పనిలో పడ్డాడు. ఆ మిగిలిన అరచుక్క ఉందే, అది పోయి సంచికి కట్టిన చీటీ మీద పడింది. ఆ ఆఫీసులో చీటీ మీద పడ్డది ఏదైనా సరే, సాయంత్రానికల్లా ఫైలైపోతుంది.

నాయుడి పనేమిటో ముందు చెప్పాలి. చుట్టుపక్కల జిల్లాల రైతులు విత్తనాల వడ్లు చిన్న గుడ్డసంచుల్లో పోసి పరీక్షకి పంపుతారు. సూపరింటెండెంటు మంగతాయారు గారు ఆ సంచి మూతి కుట్టించి, కుట్టు మీద లక్క సీలు వేయిస్తారు. పంపినవాళ్ల పేరు తీసేసి ఒక రహస్య నంబరు వేస్తారు. ఏ నంబరు ఎవరిదో రాసిన రిజిస్టరు ఇనప బీరువాలో ఉంటుంది, బీరువా తాళం ఆవిడ మెళ్లో ఉంటుంది. ఫలితాల మీద డైరెక్టరు సంతకం పడేదాకా బ్రహ్మదేవుడు దిగొచ్చి అడిగినా ఆ బీరువా తెరుచుకోదు. ఎవరి సంచో తెలిస్తే పక్షపాతం చూపిస్తారని ఈ ఏర్పాటు.

సీలు చివరిదాకా చెక్కుచెదరకూడదు. అందుకని నాయుడు సంచిని తిరగేసి, అడుగు కుట్టులో వేలెడంత మేర దారం మాత్రం తెంపి గింజలు ఒంపుతాడు. బట్టకి గాటు పడదు, గింజకి దెబ్బ తగలదు. ముప్ఫయ్యొక్క ఏళ్లుగా ఈ పని ఆయన గడ్డం గీసుకునే బ్లేడుని సగానికి విరిచి, ఓ పక్క కాగితం చుట్టి, దాంతోనే చేస్తున్నాడు. ఆ గింజల్ని ఇసుకలో నాటి, నీళ్లు పోసి, వందకి ఎన్ని మొలిచాయో లెక్కపెట్టి ఎనభై దాటితే కాగితం ఇస్తారు. ఆఫీసు మొత్తం చేసేది ఇంతే.

చీటీ మీది అరచుక్క చూసి మంగతాయారు గారు ప్రమాద నివేదిక రాశారు. డైరెక్టరు డాక్టర్ కపిలేశ్వరరావు గారు నాయుణ్ణి పిలిపించారు.

"ఇదేమిటి నాయుడూ?"

"బ్లేడు సార్."

"బ్లేడు కాదు. అర బ్లేడు!" డైరెక్టరు గారి గొంతు వణికింది. "శాస్త్రీయ దృక్పథంతో పురోగమిస్తున్న ఒక సంస్థ, క్షౌరపరికరం మీద ఆధారపడి మనుగడ సాగించడమా? అందులోనూ సగం ముక్క మీద!"

ఆ గొంతు వణకడానికి వేరే కారణం ఉంది. కిందటి నెల ఆయన ఏదో కొండ ఊళ్లో సదస్సుకి వెళ్లారు. పక్క కుర్చీ ఆయన జేబులోంచి ఓ మడతచాకు తీసి, ఒక్క బొటనవేలితో 'టిక్' మని తెరిచి, తొక్క ఎక్కడా తెగకుండా ఆపిల్ పండు చెక్కేశాడట. ఆ టిక్ విన్నప్పట్నించీ డైరెక్టరు గారికి అన్నం సయించడం లేదు.

మర్నాడు సర్క్యులర్ వచ్చింది. "ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయడమేమనగా, అర బ్లేడులు, పావు బ్లేడులు, తదితర భిన్నరూప బ్లేడులు తక్షణమే నిషేధింపబడినవి. నమూనా సంచులను అనుమతిలేని పరికరముతో కోయరాదు, చింపరాదు, విప్పరాదు, కొరకరాదు. తేలికపాటి వినియోగార్థం సంస్థకు తొలి మేలురకం మడతచాకు ఎంపిక చేయబడు వరకు సంచులు తెరవబడవు." 'కొరకరాదు' అన్న మాట మంగతాయారు గారు చేర్పించింది. ఆవిడకి మనుషుల స్వభావం తెలుసు.

నిజం చెప్పొద్దూ, నాయుడు లోలోపల పొంగిపోయాడు. ఏళ్ల తరబడి ఒక మంచి చాకు చేతిలో పట్టుకోవాలని ఆయనకీ ఆశే. అడిగితే నవ్వుతారని అడగలేదు. ఇప్పుడు తెగింది వేలే కదా, పోతే పోయిందనుకున్నాడు. ఆ సంతోషం సరిగ్గా మధ్యాహ్నం దాకా ఉంది.

మధ్యాహ్నం సన్యాసమ్మ వచ్చింది. ఏటిగట్టు మీద పల్లెలో పద్నాలుగు మంది ఆడవాళ్లు సంఘం కట్టి, పాతకాలపు సన్నవడ్లు ఏటా ఎంచి ఎంచి విత్తనం చేస్తున్నారు. ఆమె వాళ్లకి పెద్ద. అరవై బస్తాల విత్తనం షెడ్డులో ఉంది. కాగితం వస్తే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు విత్తనంగా కొంటారు. మృగశిర కార్తె వెళ్లేలోగా రాకపోతే వానలు పట్టుకుంటాయి. ఆ షెడ్డు వానకి ఆగదు. మర్నాడే మిల్లు లారీ వచ్చి మొత్తం ఎత్తుకుపోతుంది. ఏడేళ్లుగా ఎంచిన విత్తనం ఒక్క పూటలో బియ్యమైపోతుంది.

"నాయుడుబావు, మా సంచి ఇప్పినారేటి?"

"లేదప్పా. చాకు రావాల."

"సాకు నేదా? మా ఇంటికాడ రెండున్నాయి, తెచ్చీమంటావా?"

"అలాంటిది కాదప్పా. మేలురకందట. కమిటీ వేస్తారు."

కమిటీ అన్న మాట వినగానే సన్యాసమ్మ ముఖంలో రంగు మారింది. ఆమె తన జీవితంలో రెండు కమిటీలు చూసింది. భరణి కార్తె ఇంకా వెళ్లలేదు, మృగశిరకి బోలెడు రోజులున్నాయని నాయుడు ధైర్యం చెప్పి పంపాడు.

కమిటీకి టెక్నికల్ ఆఫీసరు సుధాంశు కన్వీనరు. ఈ కుర్రాడు ఉద్యోగానికి విత్తన శాస్త్రవేత్తే గాని, మనసంతా చాకుల మీద. సెల్‌ఫోన్లో దేశదేశాలవాళ్లు చాకులు తెరవడం, మూయడం, మళ్లీ తెరవడం రోజుకి మూడు గంటలు చూస్తాడు. సొంతానికి ఒక్క చాకూ లేదు. ఏది కొనాలో ఇంకా తేల్చుకోలేకపోతున్నాడు, నాలుగేళ్లుగా.

మొదటి సమావేశానికి 'అంతిమ వినియోగదారు' హోదాలో నాయుణ్ణి పిలిచారు. చాకు ఎలా ఉండాలో అభిప్రాయం చెప్పమన్నారు.

నాయుడు నిలబడి, చేతులు కట్టుకుని చెప్పాడు. "సన్నగా, పొట్టిగా ఉంటే సాలు సార్. తీస్తే రావాల. మూస్తే ఉండాల. నా సెయ్యి కొయ్యకూడదు."

సుధాంశు జాలిగా నవ్వాడు. "నాయుడు గారూ, మీరు చాకు అంటే చాకు అనుకుంటున్నారు. ఉక్కు ఏమిటి? పదును నిలిచే ఉక్కు తుప్పు పడుతుంది. తుప్పు పట్టని ఉక్కు పదును నిలవదు. రెండూ ఉన్న ఉక్కుని సాన పట్టడం మానవమాత్రుడి వల్ల కాదు. ముందు మనం జీవితంలో ఏం కోరుకుంటున్నామో తేల్చుకోవాలి."

"నాను దారం తెంపాలండీ" అన్నాడు నాయుడు.

"సంకుచితంగా ఆలోచించకండి" అన్నారు డైరెక్టరు గారు.

సుధాంశు ఉక్కు గురించి మూడు సమావేశాలు మాట్లాడాడు. తెరిచిన ఆకు, అంటే కోసే రేకు, మడుచుకుపోకుండా పట్టే మీట గురించి నాలుగు. ఆ మీట కుడిచేతివాళ్లకి అనువుగా ఉంటుంది, ఎడమచేతివాళ్ల మాటేమిటని ఎవరో అడిగారు. నాయుడిది కుడిచెయ్యే. అయినా భవిష్యత్తులో రాబోయే ఎడమచేతి నాయుళ్ల ప్రయోజనాల దృష్ట్యా ఒక ఉపసంఘం వేశారు. పిడి కొమ్ముదా, కర్రదా, విమానాలకి వాడే లోహానిదా అన్న దగ్గర కమిటీ రెండుగా చీలిపోయి, వారం రోజులు ఎవరి టీ వాళ్లే తాగారు.

జేబుచాకు అన్నాక జేబు ఉండాలి కదా. నాయుడి ఖాకీ చొక్కాకి ఒక్కటే జేబు. సుధాంశు అట్టముక్కలతో ఏడు నమూనా చాకులు కత్తిరించి ఇచ్చాడు. రోజుకొకటి చొప్పున జేబులో వేసుకుని తిరిగి, సాయంత్రం 'జేబు అనుభవం' రాసివ్వాలి. మొదటి రోజు నాయుడు "బాగుంది" అని రాశాడు. వివరంగా లేదని తిప్పి పంపారు. రెండోరోజు "నిన్నటికన్నా కొంచెం బాగుంది" అని రాశాడు. మూడోనాటి చాకు చెమటకి నానిపోయింది. దాన్ని తుప్పు కింద నమోదు చేసుకున్నారు.

ఇంతలో రోహిణి కార్తె వచ్చేసింది. ఎండకి ఆఫీసు తలుపులు వంకరపోయి మూతపడ్డం మానేశాయి. సన్యాసమ్మ సోమవారం సోమవారం వస్తోంది. వరండాలో కూర్చుని, చీరకొంగుతో విసురుకుంటూ, "ఏటైనాది బావు?" అంటోంది. జేబులో అట్టచాకు పెట్టుకున్న మనిషి ఏం చెప్పగలడు? నాయుడు వరండా తప్పించుకుని రెండోవైపు నించి వెళ్లడం మొదలుపెట్టాడు. ఆ మాట తల్చుకుంటే ఆయనకి ఇప్పటికీ సిగ్గే.

అసలు గొడవ 'తేలికపాటి వినియోగం' దగ్గర వచ్చింది. ఏది తేలిక, ఏది బరువు? నిర్వచనం లేకుండా చాకు ఎలా కొంటారని మంగతాయారు గారు ఫైలు మీద రాశారు. న్యాయమైన ప్రశ్నే. నిర్వచనం కోసం ప్రయోగాలు తలపెట్టారు. రైతుబజారు నించి రెండు సంచుల కూరగాయలు తెప్పించారు. చాకు ఇంకా లేదు కాబట్టి క్యాంటీను కత్తిపీట అరువు తెచ్చారు. డైరెక్టరు గారు స్వయంగా పీట మీద కూర్చుని కోస్తుంటే, సుధాంశు పక్కన నిలబడి రాసుకున్నాడు.

దొండకాయ తేలిక అని తేలింది. బెండకాయ తేలికే గాని జిగురుంది. వంకాయ తేలిక. ములక్కాడ దగ్గర అభిప్రాయభేదం వచ్చింది. కంద కోశాక అందరి చేతులూ దురదలెత్తి, ఆ రోజు మినిట్సు రాయడం కుదరలేదు. గుమ్మడికాయని న్యాయసలహాకి పంపారు. కోసిన ముక్కలు పారేస్తే ప్రజాధనం వృథా అని క్యాంటీనుకి ఇచ్చారు. ఆ పదిరోజులూ క్యాంటీనులో దప్పళం తిన్నవాళ్లు ఈనాటికీ దాని గురించి చెప్పుకుంటారు. పక్కవీధి ఆఫీసులవాళ్లు కూడా క్యూ కట్టారు. ఈ కమిటీ వల్ల దేశానికి జరిగిన మేలు ఏదైనా ఉందంటే అదే.

ఇంత కోశారు గాని, ఒక్కరికీ గుడ్డసంచి అడుగు కుట్టు ఒక్కసారి కోసి చూద్దామన్న ఊహ రాలేదు. నాయుడు ఒకసారి అనబోయాడు. అనుమతిలేని పరికరంతో సంచి కోయరాదని సర్క్యులర్ ఉందిగా అన్నారు. నిజమే, ఉంది.

పంతొమ్మిది సమావేశాలయ్యాక నివేదిక వచ్చింది. నలభై రెండు పేజీలు, అందులో ఆరు పేజీలు దురద. ఆఖరి పేజీలో తీర్మానం ఇలా ఉంది: "ఎంపిక చేయబడు చాకు యొక్క ఆకు సన్నముగా, హ్రస్వముగా ఉండవలెను. తెరిచినచో తెరుచుకొనవలెను. మూసినచో మూసుకొని ఉండవలెను. వినియోగదారుని హస్తమునకు హాని కలిగించరాదు." కొండని తవ్వి ఎలకని పట్టారు. ఆ ఎలక మొదటిరోజునే నాయుడి నోట్లోంచి దూకింది గాని, అప్పుడు దాన్నెవరూ చూడలేదు.

ఎలాగైతేనేం, చాకు కొన్నారు. రోహిణి చివర్లో ఒక శుక్రవారం సాయంత్రం పార్సిలు వచ్చింది. దానికి పిన్ను పెట్టి డైరెక్టరు గారి లేఖ: "దీనిని మన సంస్థ నిబంధనల ప్రకారము పరీక్షించి, నాణ్యత ధ్రువీకరించిన పిమ్మటనే వినియోగములోనికి తేవలెను."

సోమవారం ప్రారంభోత్సవం. గుమ్మానికి మామిడాకులు కట్టారు. బల్ల మీద పసుపుగుడ్డ పరిచారు. నాయుడు ఖాకీ చొక్కా ఉతికి ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. సన్యాసమ్మ కూడా గేటు దగ్గర నిలబడి చూస్తోంది. ఇవాళ సంచి తెరిస్తే, ఇసుకలో పద్నాలుగు రోజులు, సరిగ్గా మృగశిర ఆఖరికి కాగితం చేతికొస్తుంది. ఒక్కరోజు ఆలస్యమైనా మిల్లే. ఆ లెక్క ఆమెకీ తెలుసు, నాయుడికీ తెలుసు.

డైరెక్టరు గారు అరగంట ఉపన్యసించారు. "క్షౌరయుగం నించి చాకుయుగంలోకి ఈ సంస్థ అడుగిడుతున్న శుభతరుణంలో..." అని ముగించి, చెయ్యి చాచారు. "చాకు ఏదీ?"

"పరీక్షకి వెళ్లింది సార్" అన్నారు మంగతాయారు గారు.

"ఎక్కడికి?"

"మన గోడౌనుకే సార్. పరీక్షించమని మీరే కదా రాశారు. పరీక్షకొచ్చిన ప్రతిదానికీ ఏం చెయ్యాలో అదే చేశాను." ఆవిడ వేళ్ల మీద లెక్కపెట్టి మరీ చెప్పారు. గుడ్డసంచిలో వేశారు. బరువు తేడా వస్తే గుర్తుపట్టేస్తారని, మిగతా సంచుల బరువుకి సరిపడా ఊక పోశారు. మూతి కుట్టించారు. లక్క సీలు వేశారు. పంపినవారి పేరు తీసేసి నంబరు వేశారు. మూడువందల పన్నెండు సంచుల్లో కలిపేశారు.

"ఏ నంబరు?"

"అది చెప్పకూడదు సార్. ఫలితం మీద మీ సంతకం పడ్డాకే బీరువా తెరుస్తాను."

డైరెక్టరు గారి ముఖం కందగడ్డలా అయింది. "సంచులన్నీ తెరిచి చూడండి!"

"దేంతో సార్?" అన్నారు మంగతాయారు గారు. వెటకారం కాదు, ఆవిడ నిజంగానే అడిగారు.

సుధాంశు పరిగెత్తుకెళ్లి ప్రయోగశాల నించి పెద్ద అయస్కాంతం తెచ్చాడు. గోడౌన్లో పెట్టగానే మూడువందల పదమూడు సంచులూ దాని మీదికి ఎగబడ్డాయి. ప్రతి సంచి చీటీకీ గుండుసూది ఉంది మరి. సూదులన్నీ తీసేసి మళ్లీ చూస్తే ఒక్క సంచీ కదల్లేదు. తాము ఎంచిన ఉక్కు, ఊక మధ్యలో, అంత లోపలున్నది, అయస్కాంతానికి అందదని సుధాంశు కొంత గర్వంగానే చెప్పాడు. పరిస్థితిని సమీక్షించడానికి ఒక కమిటీ వేస్తున్నట్టు డైరెక్టరు గారు ప్రకటించి లోపలికెళ్లి తలుపేసుకున్నారు. మామిడాకులు వాడిపోయేదాకా ఆ గుమ్మానికే ఉన్నాయి.

నాయుడు ఈసారి రెండోవైపు నించి వెళ్లలేదు. తిన్నగా గేటు దగ్గరికి వెళ్లి, జరిగిందంతా చెప్పాడు.

సన్యాసమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "పోన్లే బావు. నువ్వేటి సేత్తావు" అంది. తర్వాత, "ఏడేళ్లు సూసీసినాం వాటిని. కేళీలు, అదే కల్తీ మొక్కలన్నీ ఏరీసి, ఒక్కో ఎన్నూ ఇడిగా నూర్చీసి... పిల్లల్ని కూడా అంత సూసుకోనేదు" అంది. కళ్లు తుడుచుకుని, బస్సు టైమైందని కదిలింది. కదులుతూ, అలవాటుగా, "ఈపాటికి మండె కట్టీసీ రోజులు" అనుకుంటూ వెళ్లిపోయింది.

మండె కట్టడమంటే విత్తనాల వడ్లని బస్తాతో సహా నానబెట్టి, బరువు పెట్టి, వెచ్చగా మూసి ఉంచడం. నాలుగురోజులకి మొలకలు బస్తా నేతలోంచే బయటికి పొడుచుకొస్తాయి. ఆకుమడి వేసి నారు పోసే ప్రతి ఇంట్లోనూ ఇది చేస్తారు, నాయుడి ఇంట్లోనూ. ఆయన గోడౌన్‌కి తిరిగొచ్చి, గోడకి అంటించిన సర్క్యులర్ మళ్లీ చదివాడు. కోయరాదు. చింపరాదు. విప్పరాదు. కొరకరాదు. రెండోసారి వేలు పెట్టి చదివాడు. తడపరాదు అని ఎక్కడా లేదు.

సన్యాసమ్మ సంచి ఏదో ఆయనకి తెలియదు. తెలుసుకునే దారీ లేదు. అయితే అన్నీ తడిపేస్తే సరి. ఉద్యోగం పోతుందేమో అనిపించింది. పోతే పోనీ, పద్నాలుగు మంది ఆడవాళ్ల ముందు తల దించుకుని బతికేకన్నా నయమనుకున్నాడు. తోటకి నీళ్లు పట్టే గొట్టం లోపలికి లాక్కొచ్చి, మూడువందల పదమూడు సంచుల్నీ ఒక్కటి వదలకుండా తడిపాడు. వరసగా పేర్చి, గోనెలు కప్పి, పైన ఇటుకలు పెట్టి, తాళం వేశాడు. పూటపూటకీ వచ్చి నీళ్లు చిలకరించాడు. సంచులు తెరిచే పనే లేదు గనక గోడౌన్‌లోకి ఎవరూ తొంగి చూడలేదు.

నాలుగోనాటికి తెల్లటి మొలకలు నేతలోంచి ముళ్లలా పొడుచుకొచ్చాయి. తొమ్మిదోనాటికి గోడౌను పచ్చబడిపోయింది. పదోనాడు సమీక్షా కమిటీతో తనిఖీకి వచ్చిన డైరెక్టరు గారు గుమ్మంలోనే నిలబడిపోయారు.

"నాయుడూ! ఏమిటీ వ్యవసాయం?"

"పరీక్ష సార్. నాను ఒక్క సంచీ కొయ్యలేదు, సింపలేదు, ఇప్పలేదు, కొరకలేదు. ఆటంతట అవే తెరుచుకున్నాయి. సీళ్లు సూసుకోండి, ఒక్కటీ సెదర్లేదు." నాయుడు ఫారాలు ముందుపెట్టాడు. ప్రతి ఫారంలోనూ 'సంచి తెరిచిన పరికరం' అన్న గడి ఉంటుంది. అందులో ఆయన ముత్యాల్లాంటి అక్షరాలతో 'మొలక' అని రాశాడు. నానిన బట్ట దానికదే పిగిలిపోయిన చోట మొలకల్ని లెక్కపెట్టి, వందకి ఎన్నో కూడా వేశాడు.

డైరెక్టరు గారు అరవడానికి నోరు తెరిచారు. మూడువందల సంచుల బాకీ పని ఒక్కసారిగా పూర్తయినట్టు అప్పుడే తట్టింది. తెరిచిన నోటితోనే, "శస్త్రరహిత నమూనా విచ్ఛేదన విధానం!" అన్నారు. "ఎన్నాళ్లుగానో ఇది నా మనసులో ఉన్నదే. నాయుడు అమలుపరిచాడు." అక్కడికక్కడే కుర్చీ వేయించుకుని సంతకాలు పెట్టడం మొదలెట్టారు.

పదకొండు సంచుల్లో మాత్రం ఉలుకూ పలుకూ లేదు. పదింటికి 'అనర్హం' అని రాసి ఊరుకున్నారు. పదకొండోది, రెండువందల ఏడో నంబరు, ఆయనకి ఒళ్లు మండించింది. మిగతా పదింటిలో కనీసం ఒకటో రెండో గింజలు ఉబ్బాయి. ఇందులో అదీ లేదు. ఎర్రసిరా కలం తెప్పించుకుని రాశారు: "మొలకశాతం సున్నా. నా సర్వీసులో ఇంతటి నాసిరకం నమూనా చూడలేదు. పంపినవారు అమాయక రైతాంగాన్ని మోసగించు ఉద్దేశము కలవారుగా కనిపించుచున్నారు. తక్షణమే నోటీసు ఇచ్చి కఠిన చర్య గైకొనవలెను."

సంతకాలన్నీ పడ్డాయి. మంగతాయారు గారు మెళ్లోంచి తాళం తీశారు. రిజిస్టరు తెచ్చి, కబురందుకుని వరండాలో చేరిన రైతుల ముందు నంబర్లకి పేర్లు చదవడం మొదలుపెట్టారు.

"తొంభై ఒకటి. ఏటిగట్టు మహిళా విత్తన సంఘం. తొంభై నాలుగు శాతం. అర్హం."

సన్యాసమ్మకి మొదట అర్థం కాలేదు. పక్కవాళ్లు చెప్పాక రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, గట్టిగా నవ్వేసి, ఆ వెంటనే ఏడ్చేసింది. "తొంబై నాలుగట బావు! తొంబై నాలుగు!" అని నాయుడి చెయ్యి పట్టుకుని ఊపేసింది. నాయుడికీ కళ్లు చెమర్చాయి. ముప్ఫయ్యొక్క ఏళ్లలో ఒక సంచి ఎవరిదో తెలిసినందుకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

"రెండువందల ఏడు" అని మంగతాయారు గారు ఆగారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. నిబంధన నిబంధనే, చదివారు. "పంపినవారు: డైరెక్టరు, ప్రాంతీయ విత్తన పరిశీలనాలయం. సున్నా శాతం. మోసగించు ఉద్దేశము. కఠిన చర్య."

వరండాలో ఒక రైతు "అమ్మ నాయనో" అన్నాడు.

నోటీసు అదే సాయంత్రం తయారైంది. జారీ చేసినవారు డైరెక్టరు, అందుకున్నవారు డైరెక్టరు. ఏడురోజుల్లోగా సంజాయిషీ ఇవ్వాలి. ఆయన రాత్రంతా ఆలోచించి, నిబంధనల పుస్తకంలో ఒక దారి కనిపెట్టారు. ఫలితం ఒప్పుకోనివారికి పునఃపరీక్ష కోరే హక్కుంది. నమూనాని ఇసుకలో నాటి, పద్నాలుగు రోజులు నీళ్లు పోసి, మొలకెత్తినదీ లేనిదీ రోజువారీ నమోదు చేయాలి. అప్పటిదాకా చర్య ఆగుతుంది. ఆయన ఆయనకే దరఖాస్తు పెట్టుకుని, సుదీర్ఘంగా పరిశీలించి, ఆమోదించుకున్నారు.

సంచి బట్ట నానిపోయి ఉండటంతో నాయుడు చెయ్యి వెయ్యగానే పిగిలిపోయింది. ఊకలోంచి చాకు బయటపడింది. ఆయన దాన్ని చొక్కాకి తుడిచి, బొటనవేలితో నెట్టాడు. 'టిక్' మంది. సన్నగా, పొట్టిగా, చేతికి ఒదిగిపోయింది. ఇంత మంచి చాకుని ఆయన కలలో కూడా చూడలేదు. ఒక్క నిమిషం అలా పట్టుకుని, మూసి, ఇసుక తొట్టి దగ్గరికి తీసుకెళ్లాడు.

"పిడి పైకా సార్, కిందికా?"

డైరెక్టరు గారు సుధాంశు వైపు చూశారు. వేరు ఎటునించి వస్తుందో తేలేదాకా అడ్డంగా నాటడం శ్రేయస్కరమని సుధాంశు రాతపూర్వకంగా ఇచ్చాడు.

పన్నెండోరోజున సన్యాసమ్మ వచ్చింది. అరవై బస్తాలూ విత్తనంగానే పోయాయట. వాళ్ల ఆకుమళ్లూ, వాళ్ల దగ్గర కొన్న ఊళ్ల ఆకుమళ్లూ పచ్చగా లేచాయట. మూటలోంచి దోరమామిడికాయ ఒకటి తీసి నాయుడి చేతిలో పెట్టబోతూ ఆగింది. ఆయన చిన్న చెంబుతో తొట్టిలో నీళ్లు పోస్తున్నాడు.

"ఏటేసినావు బావు అందులోన?"

"డైరెక్టరు గారి చాకప్పా. మొలవాల."

ఆమె తొట్టి వైపు చూసింది, ఆయన వైపు చూసింది. ఇసుకలో చెయ్యి పెట్టి చాకు పైకి లాగింది. కొంగుతో తుడిచి, తెరిచి, మామిడికాయని తొట్టి అంచు మీద పెట్టి చకచకా ముక్కలు కోసింది. టెంక మీదినించి ఆకు వెన్నలోలా జారింది. సగం ముక్కలు నాయుడికిచ్చి, సగం తను నోట్లో వేసుకుంది. ఇద్దరూ వరండాలో కూర్చుని పులుపుకి కళ్లు మూసుకుంటూ తిన్నారు.

"బాగానే తెగుతాది గదా బావు" అంది సన్యాసమ్మ.

చాకు మళ్లీ తుడిచి, టిక్కున మూసి, ఉన్నచోటే ఇసుకలో పెట్టి, పైన సర్ది అరచేత్తో తట్టింది. నాయుడు మూతి తుడుచుకుని ఇంకో చెంబుడు నీళ్లు పోశాడు. గోడకి వేలాడే రిజిస్టరు తీసి, ఆ రోజు గడిలో రాశాడు: "పన్నెండవ దినము. మొలక లేదు."